రెండు ముక్కల కీబోర్డు, ఒక తెలుగు పాఠం



పిల్లలు ఫోనులో తెలుగు రాయాలంటే చాలావరకు ఇంగ్లిషు అక్షరాలే నొక్కుతున్నారు. ఒత్తు, గుణింతం సంగతి ఫోనే చూసుకుంటోంది. ఆ పనిని మళ్లీ పిల్లల చేతికి తెచ్చే ప్రాజెక్టు ఒకటి ఉంది. 8, 9 తరగతుల వారికి సెలవుల్లో బాగుంటుంది: కిట్‌తో రెండు ముక్కల కీబోర్డును బిగించడం.

కిట్‌లో ఏముంటుంది?
కోర్నె అనే నమూనా బాగా తెలిసినది. చేతికి 21 చొప్పున మొత్తం 42 మీటలు. రెండు సర్క్యూట్ బోర్డులు, స్విచ్‌లు, డయోడ్లు, రెండు చిన్న కంట్రోలర్లు, ముక్కలను కలిపే కేబుల్ ఉంటాయి.

ఎలా పనిచేస్తుంది?
21 మీటలకు 21 తీగలు అక్కర్లేదు. 4 అడ్డు వరుసలకు, 6 నిలువు వరుసలకు కలిపి 10 చాలు. ఏ అడ్డు వరుస ఏ నిలువు వరుసతో కలిసిందో చూసి కంట్రోలర్ మీటను గుర్తిస్తుంది. గ్రాఫు కాగితం మీద బిందువును గుర్తించినట్టే. మూడు మీటలు ఒకేసారి నొక్కితే, నొక్కని నాలుగోది కూడా పలకవచ్చు. అది జరగకుండా ప్రతి స్విచ్‌కూ ఒక డయోడ్ ఉంటుంది. డయోడ్ తిరగబడితే ఆ మీట పలకదు. కారణం మీరు చెప్పకండి, పిల్లలనే వెతకనివ్వండి.

తెలుగుకు ఎందుకు నప్పుతుంది?
భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్ అమరికను 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణంలో చేర్చారు. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి వస్తాయి. మ, న, వ వంటి కొన్ని మాత్రం ఎడమవైపు ఉంటాయి.

మన చిలమత్తూరునే రాసి చూడండి: చ, గుడి, ల, మ, త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. పది నొక్కులు. కుడి, ఎడమ, కుడి, ఎడమ... చివరిదాకా చేతులు మారుతూనే ఉంటాయి. త్తూ అనే ఒక్క అక్షరంలో నాలుగు భాగాలున్నాయని వేళ్లకే తెలుస్తుంది.

42 మీటల్లో 'డ'కు మామూలు చోటు దొరకదు. బొటనవేలితో ఒక మీట పట్టుకుని మరో మీట నొక్కేలా క్యూఎంకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకోవాలి. ఏ మీటకు ఇవ్వాలో పిల్లలే నిర్ణయించుకోవచ్చు.

జాగ్రత్తలు
• సోల్డరింగ్ ఐరన్ కొన 300 డిగ్రీలు దాటుతుంది. పెద్దలు పక్కనే ఉండాలి, కిటికీలు తెరవాలి.
• సీసం లేని సోల్డర్ వాడండి. పని అయ్యాక చేతులు కడిగించండి.
• కంప్యూటర్‌కు తగిలించి ఉండగా ముక్కల మధ్య కేబుల్ తీయకూడదు. షార్టయి కంట్రోలర్ పాడవవచ్చు.

కిట్ కొనకపోయినా
ఇంట్లోని కంప్యూటర్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకుంటే రాత సాధన మామూలు కీబోర్డు మీదే చేయవచ్చు. ఈ ఆదివారం మీ పిల్లలకు ఒక ప్రశ్న వేయండి: 'హిందూపురం' రాసేటప్పుడు ఎడమ చేయి ఒకచోట వరుసగా రెండుసార్లు నొక్కుతుంది. ఎక్కడ?