జరిమానా కట్టినా కాగితం పారేయకండి: అమెరికాలో కారు నడిపే మన పిల్లలకు

అమెరికాలో చదివే పిల్లలతో ఫోన్‌లో క్లాసులు, ఉద్యోగం, స్టాంపింగ్ గురించి రోజూ మాట్లాడుకుంటాం. కారు సంగతి మాత్రం ‘ఎంతకు కొన్నావు’ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ చాలా ఊళ్లలో బస్సులు అంతంతమాత్రం, కారు లేనిదే సరుకులు తెచ్చుకోవడం కూడా కష్టం. ఆ కారు మీద పడిన కేసు వీసా దాకా వెళ్తుందన్నది చాలామందికి కేసు పడ్డాకే తెలుస్తోంది. ముందే తెలుసుకుంటే ఎంతో నష్టం తప్పుతుంది.

1. ఏది మామూలు టికెట్టో, ఏది క్రిమినల్ కేసో తెలుసుకోండి. పార్కింగ్ టికెట్‌కో, కాస్త స్పీడు ఎక్కువైనందుకు పడిన టికెట్‌కో మామూలుగా వీసా పోదు. వాటికి నిద్ర మానుకోనక్కర్లేదు. అయితే చట్టం రాష్ట్రానికో రకం. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటినా, ఆ రోడ్డు మీద ఉన్న పరిమితి కంటే 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా ‘రెక్‌లెస్ డ్రైవింగ్’ కిందికి వస్తుంది. అది క్రిమినల్ నేరం. ఏడాది దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. లైసెన్స్ లేకుండా నడిపితే అరెస్టు చేసే రాష్ట్రాలూ ఉన్నాయి. ఉంటున్న రాష్ట్రం నియమాలు దిగిన వారంలోనే చదువుకోండి.

2. తాగితే తాళం ముట్టుకోవద్దు. వీసాకు అన్నిటికంటే పెద్ద ముప్పు డీయూఐ, అంటే తాగి నడిపిన కేసు. గడిచిన ఐదేళ్లలో ఇలాంటి అరెస్టు ఒక్కటి ఉన్నా వీసా రద్దు చేసే విధానాన్ని అమెరికా విదేశాంగ శాఖ 2015 నవంబరు నుంచి పాటిస్తోంది. కోర్టు తీర్పు దాకా ఆగాలని లేదు. తర్వాత కేసు కొట్టేసినా, రద్దయిన వీసా దానంతటది తిరిగి రాదు. రక్తంలో ఆల్కహాల్ పరిమితి చాలా రాష్ట్రాల్లో 0.08 శాతం, యూటాలో 0.05. ‘ఒక్క బీరే కదా’ అని లెక్కలు వేసుకోవద్దు. నడపలేని స్థితిలో ఉన్నాడని పోలీసుకు అనిపిస్తే పరిమితి లోపల ఉన్నా కేసు పెట్టొచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మత్తు దిగేదాకా కారులోనే పడుకుందామని తాళం దగ్గర పెట్టుకుని సీట్లో కూర్చున్నా చాలా రాష్ట్రాల్లో అది డీయూఐ కావచ్చు. ఉబర్‌కు ఇరవై డాలర్లయినా, నలభై డాలర్లయినా ఇచ్చేయండి.

3. గంజాయి కారులో ఉండకూడదు. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వీసా చూసేది ఫెడరల్ ప్రభుత్వమే. స్నేహితుడి సంచిలో ఉన్నా మీ కారులో ఎక్కించుకోవద్దు.

4. వీసా రద్దయిందని ఈమెయిల్ వస్తే కంగారులో ఇండియాకు టికెట్ కొనకండి. పాస్‌పోర్టులో ఉండే వీసా వేరు, దేశంలో ఉండే స్టేటస్ వేరు. వీసా రద్దయినంత మాత్రాన మామూలుగా స్టేటస్ పోదు. కానీ ఒకసారి దేశం దాటితే కొత్త స్టాంపింగ్ లేకుండా వెనక్కి రాలేరు. వెంటనే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారి డీఎస్ఓతో, ఇమ్మిగ్రేషన్ అటార్నీతో మాట్లాడండి. 2025 ఏప్రిల్‌లో చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లవి, కేసు కొట్టేసినవాళ్లవి కూడా విద్యార్థి స్టేటస్ నమోదయ్యే సెవిస్ రికార్డులు ఆపేశారు. విద్యార్థులు కోర్టులకు వెళ్లాక ఆ నెలాఖరు నుంచి పునరుద్ధరించడం మొదలుపెట్టారు. అక్కడే ఉండి పోరాడటానికీ దారులుంటాయి.

5. కోర్టు తేదీ తప్పితే చిన్న కేసు పెద్దదవుతుంది. వెళ్లకపోతే వారంట్ పుట్టొచ్చు, తర్వాత ఎక్కడ కారు ఆపినా అరెస్టు చేయొచ్చు. మన పిల్లలు అపార్ట్‌మెంట్లు తరచూ మారుతుంటారు, నోటీసు పాత ఇంటికి వెళ్తుంది. ఇల్లు మారిన 10 రోజుల్లో ఇమ్మిగ్రేషన్ వాళ్లకు కొత్త చిరునామా ఇవ్వడం ఎలాగూ తప్పనిసరి. అదే రోజు కోర్టుకూ చెప్పేయండి.

6. ట్రాఫిక్ లాయర్ ‘ఒప్పేసుకో, రికార్డులో ఉండదు’ అంటే ఆగండి. నేరం ఒప్పుకుని కొన్నాళ్లు కోర్టు షరతుల కింద ఉంటే, తర్వాత రాష్ట్రం కేసు కొట్టేసినా, ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని శిక్షగానే లెక్కేస్తుంది. రికార్డు చెరిపించుకున్నా అంతే. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది క్రిమినల్ లాయర్ చెప్పి తీరాలని 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి ఒప్పుకునే ముందే ‘నా వీసాకు ఏమవుతుంది’ అని అడగండి. అడగడం మీ హక్కు.

7. ఫారంలో దాచొద్దు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 సూటిగా అడుగుతుంది. ఫలానా దేశంలో అని అడగదు. హైదరాబాద్ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి, కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టినదీ శిక్షే. మన చట్టంలో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములే, అంటే అక్కడి 0.03 శాతం. ఒక్క కేసు ఉన్నవాళ్లకు వీసా వచ్చే అవకాశం ఉంటుంది. అబద్ధం చెప్పి దొరికితే మాత్రం శాశ్వత నిషేధం దాకా వెళ్తుంది. ఫారం కన్సల్టెన్సీ వాళ్లు నింపినా బాధ్యత మీదే. సబ్మిట్ నొక్కే ముందు ప్రతి జవాబూ మీరే చదవండి.

8. కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. కేసు ముగియగానే కోర్టు క్లర్క్ ఆఫీసులో ‘సర్టిఫైడ్ డిస్పోజిషన్’, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే ధ్రువపత్రం అడిగి రెండు ప్రతులు తీసుకోండి, కొట్టేసిన కేసుకు కూడా. జరిమానా రసీదులు, కోర్టు పంపిన క్లాసులకు హాజరైన సర్టిఫికెట్లు అందులోనే ఉంచండి. డీయూఐ ఉంటే వీసాకు ముందు కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గరకు పంపొచ్చు, అక్కడా ఇవి కావాలి.

9. గ్రీన్‌కార్డు వచ్చాక కూడా జాగ్రత్త. పౌరసత్వానికి లెక్కలోకి తీసుకునే ఏళ్లలో రెండు డీయూఐ శిక్షలుంటే మంచి నడవడిక లేదన్న అభిప్రాయంతోనే అధికారులు పరిశీలన మొదలుపెట్టాలని 2019లో అటార్నీ జనరల్ తేల్చారు. కెనడాకు మారదామనుకునేవాళ్లకు మరో చిక్కు. 2018 డిసెంబరు 18 నుంచి అక్కడ తాగి నడపడం తీవ్ర నేరాల్లో చేరింది, అమెరికాలో పడిన శిక్షనూ అలాగే చూస్తారు.

10. అమ్మానాన్నలకు ఒక మాట. తిడతారన్న భయంతోనే పిల్లలు కేసు సంగతి దాస్తారు, కోర్టు తేదీలు ఆ దాపరికంలోనే జారిపోతాయి. ఫోన్ వస్తే ముందు అడగాల్సినవి మూడే: దెబ్బలేమైనా తగిలాయా, కోర్టు తేదీ ఎప్పుడు, అటార్నీతో మాట్లాడావా. అటార్నీ ఫీజు వాళ్ల చేతిలో లేకపోతే అదే రోజు పంపండి.