బిల్లు: ఒక మాట, పలు అర్థములు

పంచాయతీ సభ్యుల చెవిని నిత్యము పడెడి ఆంగ్ల పదములలో ‘బిల్లు’ ఒకటి. వీధి దీపముల కరెంటు బిల్లు వచ్చినదని కార్యదర్శి చెప్పును. మురుగు కాలువ కట్టిన కాంట్రాక్టరు తన బిల్లు పాసు చేయుడని కోరును. శాసనసభలో క్రొత్త బిల్లు ప్రవేశపెట్టిరని రేడియోలో వార్త వచ్చును. మాట యొకటియే, అర్థములు మాత్రము వేరు. ఏ చోట ఏ అర్థమో ఎరుగక చేయెత్తినచో కలుగు నష్టము గ్రామమునకే. అందుచే ఈ మాటను గూర్చి కొంత వివరింపదలచితిమి.

మాట పుట్టుక

మధ్యయుగపు లాటిన్ భాషలో ‘బుల్లా’ అనగా ముద్ర. ముద్ర వేసిన పత్రమునకు కూడ ఆ పేరే వచ్చినది. అదియే రూపు మారి ఇంగ్లీషులో ‘బిల్లు’ అయినది. కాగితముపై వ్రాసిన పత్రమనునది దీని మూలార్థము. వర్తకుడిచ్చు లెక్కచీటి, పంచిపెట్టు కరపత్రము, అమెరికాలో కరెన్సీ నోటు, శాసనసభ ముందుంచు ముసాయిదా, ఇవన్నియు ఆ యర్థమునుండి వచ్చినవే. పక్షిముక్కును, కొమ్మలు నరకు వంపు కత్తిని కూడ ఇంగ్లీషువారు బిల్లు అనియే యందురు. కాని అవి ముద్రనుండి పుట్టినవి కావు; ధ్వని మాత్రమే కలిసిన పాత ఇంగ్లీషు మాటలు.

శాసనసభలోని బిల్లు

శాసనసభకు వచ్చిన బిల్లు చట్టము కాదు, చట్టము చేయుడని సభ ముందుంచిన ముసాయిదా మాత్రమే. సభ ఆమోదించిన పిదప అది గవర్నరు కడకు పోవును. రాజ్యాంగము 200వ అధికరణము ననుసరించి గవర్నరు దానికి సమ్మతి నీయవచ్చును, సమ్మతి నీయకుండవచ్చును, లేదా రాష్ట్రపతి పరిశీలనకు ఉంచవచ్చును. ద్రవ్య బిల్లు కానిదానిని పునరాలోచనకై సభకు త్రిప్పి పంపవచ్చును. సమ్మతి లభించిన తరువాతనే అది చట్టమగును.

ఇందుకు మన పంచాయతీల చరిత్రయే నిదర్శనము. పంచాయతీలకు రాజ్యాంగమున స్థానము కల్పించుటకై 1989లో 64వ సవరణ బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టిరి. లోక్‌సభ దానిని ఆమోదించెను. రాజ్యసభలో చాలినంత ఆధిక్యత లభింపలేదు. ఆ బిల్లు బిల్లుగనే ముగిసెను. తిరిగి 1991లో 72వ సవరణ బిల్లు అను పేర వేరొకటి వచ్చినది. 1992 డిసెంబరులో ఉభయ సభలు ఆమోదించిన ఆ బిల్లే 73వ సవరణ చట్టమై, 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. పంచాయతీలలో మూడవవంతుకు తగ్గకుండ స్త్రీలకు స్థానములు దక్కినది ఆ చట్టము వలననే. కావున బిల్లు వచ్చినదని విన్నంతనే హక్కు వచ్చినదనుకొనరాదు, ఉన్న హక్కు పోయినదని దిగులు పడనూరాదు.

కాంట్రాక్టరు తెచ్చు బిల్లు

ఈ బిల్లు సొమ్ము కోరుచు ఇచ్చిన పత్రము. పని జరిగినదనుటకు ఇది రుజువు కాదు. రుజువు పని జరిగిన చోటనే ఉండును. దాని కొలతలు ఎం.బుక్ అని వాడుకలోనున్న కొలతల పుస్తకమున ఎక్కవలెను. నూరు మీటర్ల కాలువకు బిల్లు వచ్చినపుడు, నూరు మీటర్లు నిజముగా కట్టిరా, అంచనాలో చూపిన లోతు, మందము ఉన్నవా అని సభ్యులు పోయి చూడవచ్చును. ఒక మారు కాలువ వెంట నడచి వచ్చిన సభ్యునికి సమావేశములో ఏమి అడుగవలెనో తానే తోచును.

కరెంటు బిల్లు కూడ ఇట్టిదే. అందలి రీడింగును మోటారు గదిలోని మీటరుతో పోల్చి చూచినగాని అది సరియైనదో కాదో తెలియదు.

‘పాసు’ అను మాటలోను తిరకాసు కలదు. శాసనసభలో బిల్లు పాసగుట సభ ఆమోదము. పంచాయతీలో బిల్లు పాసగుట చెల్లింపునకు అనుమతి. అనుమతి దొరకినంతనే సొమ్ము చేరినట్లు కాదు. ట్రెజరీ నుండి చెల్లింపు జరుగువరకు అది బాకీయే. జమాఖర్చు చదువునప్పుడు పాసైన బిల్లులెన్ని, చెల్లించినవెన్ని అని వేరువేరుగా అడుగవలెను.

బిల్లు వేరు, రసీదు వేరు

బిల్లు ఈయవలసిన సొమ్మును చెప్పును, రసీదు ఇచ్చిన సొమ్మును చెప్పును. ఇంటిపన్ను డిమాండు నోటీసును భద్రముగ దాచి, పన్ను కట్టిన రసీదును పారవేయువారు గ్రామములలో కలరు. మరల పన్ను అడిగినపుడు వారికి ఆధారముండదు. సొమ్ము తీసికొన్న ప్రతివారికిని రసీదిచ్చుట పంచాయతీ విధి. అడిగి పుచ్చుకొనుట పౌరుని హక్కు. ఈ సంగతి సభ్యులు తమ వార్డులలో చెప్పవలెను.

ఇకమీదట సమావేశములో ‘బిల్లు’ అను మాట వినబడినపుడు సభ్యులు మూడు ప్రశ్నలు వేయవలెను. ఇది ముసాయిదాయా, సొమ్ముకై వచ్చిన పత్రమా? దీనికి ఆధారమేమి? ఇంకను జరుగవలసినదేమి? వీనికి సమాధానము వచ్చిన పిదపనే చేయెత్తవలెను. ఇట్లు అడుగుట కార్యదర్శిని గాని సర్పంచును గాని శంకించుట కాదు. పంచాయతీ నిధి ఊరివారి సొమ్ము. దానికి కాపుండుటకే ప్రజలు మనలను ఎన్నుకొనిరి.