టొమాటోలో వైరస్ తెగుళ్ళు: వాటిని వ్యాపింపజేయు పురుగుల నివారణ

టొమాటో తోటలో ఆకులు ముడుచుకొని, మొక్క గిడసబారి, పూత నిలువకపోయినప్పుడు చాలమంది రైతులు భూమిలో బలము చాలలేదని తలచి మరికొంత యూరియా వేయుదురు. కొందరు బూజు తెగుళ్ళకు వాడు మందును చల్లుదురు. ఈ రెండు ఖర్చులును వృథాయే. ఇది వైరస్ వలన కలుగు ఆకుముడత తెగులు. వైరస్ సోకిన మొక్కను బాగుచేయగల మందు ఏదియు లేదు. కనుక దానిని తెచ్చు పురుగును ముందుగానే అరికట్టవలెను.

తెగులును తెచ్చు పురుగులు

ఆకుముడతను వ్యాపింపజేయునది తెల్లదోమ. ఇది ఆకు అడుగు భాగమున చేరి రసము పీల్చును. మొక్కను కదిపినచో తెల్లని పొడివలె లేచును. తెగులు మొక్కపై అరగంటసేపు రసము పీల్చిన దోమకు వైరస్ అంటుకొనవచ్చును. అటుపిమ్మట అది చాల దినములు మంచి మొక్కలకు తెగులును అంటించుచుండును. ఎండకాలపు పైరులో దీని బెడద ఎక్కువ.

లేత ఆకులపై కంచురంగు మచ్చలు ఏర్పడి, మొవ్వు ఎండి, కాయలపై వలయములు కనిపించినచో, అది తామర పురుగుల వలన వచ్చు వేరొక వైరస్ తెగులు. వేరుశనగలో మొవ్వుకుళ్ళును కలిగించునది కూడ ఈ వైరస్సే. కావున తెగులున్న వేరుశనగ చేని ప్రక్కన టొమాటో నాటరాదు.

నారుమడిలో జాగ్రత్త

లేతవయసులో తెగులు సోకిన మొక్క దాదాపు కాపునే ఇవ్వదు. కాయలు పట్టిన తరువాత సోకినచో నష్టము తక్కువ. అందుచేత నారుమడిలోను, నాటిన మొదటి ఆరు వారములలోను పైరును కాపాడుట ముఖ్యము.

నారుమడిపై వంపు బద్దలు గ్రుచ్చి, అంగుళమునకు 40 నుండి 50 కన్నులు గల నైలాను వలను కప్పవలెను. అంచులను మట్టితో మూయవలెను. నారు కొనువారు ట్రేను కదిపి, దోమ లేచినచో ఆ నారును తీసికొనరాదు. ఆకుముడతను తట్టుకొను రకములను ఎన్నుకొనుట మేలు. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్కా రక్షక్, అర్కా సామ్రాట్ అట్టివి.

పొలములో చేయవలసిన పనులు

1. నాటుటకు రెండు మూడు వారముల ముందే పొలము చుట్టు రెండు మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని విత్తవలెను. బయటినుండి వచ్చు పురుగులకు ఇది కొంత అడ్డు.

2. గట్లపై కలుపును తీసివేయవలెను. వైరస్ అందులో దాగియుండును.

3. తెల్లదోమను కనిపెట్టుటకు పసుపు, తామర పురుగులకు నీలము జిగురు అట్టలను మొక్కల ఎత్తున కట్టవలెను.

4. తెగులు మొక్క కనిపించిన దినముననే దానిపై సంచి కప్పి పెరికి, పూడ్చివేయవలెను. సంచి లేకుండ పెరికినచో దోమలు లేచి ప్రక్క మొక్కలపై వ్రాలును.

మందులు చల్లుట

దోమ కనిపించిన మొదటనే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను కొద్ది సబ్బుపొడితో కలిపి, ఆకు అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. దోమ ఎక్కువైనచో లీటరుకు 0.3 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతము మందును వాడవచ్చును. పూత సమయమున దీనిని చల్లరాదు, తేనెటీగలు చచ్చును. ఒకే మందును మరల మరల వాడినచో దోమ దానికి లొంగదు. పైరెత్రాయిడ్ మందుల వలన దోమ మరింత పెరుగవచ్చును. డబ్బాపై వ్రాసిన గడువు దాటిన పిమ్మటనే కాయలు కోయవలెను.

మందునే నమ్ముకొనరాదు. బయటినుండి వచ్చిన దోమ మందు తగిలి చచ్చులోపలనే తెగులును అంటించిపోవచ్చును. మీ తోట ఎంత శుభ్రముగ నున్నను, ప్రక్కవాని పాత తోట ఎండుచు నిలిచియున్నచో అందలి దోమ మీ లేతపైరుపై వ్రాలును. కావున కడపటి కోత కాగానే పాత మొక్కలను పెరికి నాశనము చేయుటకు ఊరి రైతులందరు ఒక మాటపై నిలువవలెను.