ఫ్రెంచి రేవు – తెలుగు ఊరు : యానాం

ఉద్దేశం

సముద్రానికి దూరంగా ఉన్న ప్రాంతాల చరిత్రకు సముద్రతీర చరిత్రతో గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం, పాలకుల చరిత్ర వెనుక దాగిన సామాన్య ప్రజల చరిత్రను గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కర్నూలు నగరం నడిబొడ్డున కొండారెడ్డి బురుజు నిలిచి ఉన్నది. ఒకప్పటి కర్నూలు కోటలో నేటికి మిగిలిన ముఖ్యభాగం అది. 1751 మార్చి నెలలో ఆ కోటను ముట్టడించి లోబరచుకొన్నవారు ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని సైనికులు. కడలి కనుచూపు మేరలో లేని తుంగభద్రా తీరానికి, నెలల తరబడి ఓడలలో ప్రయాణించి వచ్చిన ఐరోపావారు ఎందుకు వచ్చినట్లు? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే, దారి గోదావరి సాగరసంగమానికి సమీపంలోని యానాం అనే చిన్న రేవు పట్టణానికి చేరుస్తుంది.

వర్తకం కోసం వచ్చినవారు

ఫ్రాన్సు మంత్రి కోల్బెర్ ప్రోత్సాహంతో 1664లో ఫ్రెంచి తూర్పు ఇండియా వర్తక సంఘం ఏర్పడింది. ఫ్రాన్సు పశ్చిమ తీరాన బ్రిటనీ ప్రాంతంలో ఆ సంఘం 1666లో ఓడల నిర్మాణశాలను నెలకొల్పింది. అక్కడ నిర్మించిన 'తూర్పు సూర్యుడు' అనే అర్థం గల పేరున్న నౌకను బట్టి ఆ ఊరికి లోరియాఁ అనే పేరు వచ్చింది. ఆ మాటకు 'తూర్పు' అని అర్థం. పడమటి సముద్రపుటొడ్డున ఉన్న రేవుకు తూర్పు పేరు పెట్టుకొన్నారంటే, ఆనాటి వారి ఆశలన్నీ ఏ దిక్కున ఉండేవో ఊహించవచ్చు. కాలక్రమంలో లోరియాఁ ఫ్రాన్సు నౌకాదళ స్థావరంగా ఎదిగింది. కోరమాండల్ తీరంలో నేసిన నూలు వస్త్రాలు అక్కడి వేలంపాటలలో అమ్ముడుపోయేవి.

తెలుగు నేలపై ఫ్రెంచివారి తొలి మజిలీ మచిలీపట్నం. గోల్కొండ సుల్తాను అనుమతితో 1669లో వారు అక్కడ వర్తక స్థావరాన్ని ఏర్పరచుకొన్నారు. ఆ పట్టణంలోని ఫ్రెంచిపేట అనే పేరు నేటికీ ఆ సంగతిని జ్ఞప్తికి తెస్తున్నది.

అయితే ఫ్రెంచివారికి రాయలసీమతో పరిచయం అంతకు ముందే ఏర్పడింది. వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో మచిలీపట్నంలో నౌక దిగి, మద్రాసు మీదుగా కడప సీమలోని గండికోటకు వెళ్ళాడు. పెన్నానది కొండలను చీల్చుకొని ప్రవహించే ఆ దుర్గం అప్పుడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశంలో ఉన్నది. ఆ కోటలో మీర్ జుమ్లా కోసం ఫిరంగులు పోతపోస్తున్న ఒక ఫ్రెంచి పనివానిని తాను చూచినట్లు టావెర్నియే తన యాత్రా గ్రంథంలో వ్రాశాడు. రత్నాలు, ఫిరంగులు – తరువాతి శతాబ్దంలో జరుగబోయే కథకు ఈ రెండే సూచనలు.

నీలికుండీలు

ఫ్రెంచివారికంటె ముందే డచ్చివారు యానాం ప్రాంతంలో వర్తకం సాగించారు. 'నీలికుండీలు' అనే స్థానిక నామం ఆ కాలపు వర్తకానికి గుర్తుగా మిగిలింది. నీలిమొక్క ఆకును కుండీలలో నానబెట్టి, ఆ నీటిని బాగా చిలికి, అడుగున పేరుకొన్న పదార్థాన్ని ఆరబెట్టి నీలిమందు తయారు చేసేవారు. కృత్రిమ రంగులు పుట్టని ఆ రోజులలో ఐరోపాలో దీనికి అపారమైన గిరాకీ ఉండేది.

నీలిపంట తీరప్రాంతానికే పరిమితం కాలేదు. మెట్టభూములు గల కడప సీమ పంతొమ్మిదవ శతాబ్దంలో నీలిమందుకు పేరు పొందింది. లండన్ విపణిలో ఆ సరుకును 'కర్పా' అని పిలిచేవారు. అది కడప అనే పేరుకు వచ్చిన వికృతి. వాన కోసం ఆకాశం వంక చూచే రైతు పండించిన పంట సముద్రాలు దాటి, పరాయి దేశాల వస్త్రాలకు రంగు అద్దింది. ఆ రైతు పేరు మాత్రం ఏ చరిత్ర గ్రంథంలోనూ కనిపించదు.

ఫ్రెంచివారు 1723లో యానాంలో అడుగుపెట్టారు. వర్తకం లాభసాటిగా లేదని 1727లో విడిచి వెళ్ళారు. 1731లో తిరిగివచ్చి స్థిరపడ్డారు. గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ చీలే చోట యానాం ఉన్నది. సమీపంలోని కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు ప్రసిద్ధి చెందిన రేవు. నదీమార్గాన లోపలి గ్రామాల నుండి వచ్చే వస్త్రాలు ఇక్కడ పడవలు మారి ఓడలకెక్కేవి.

కడప, కర్నూలు సీమలలో ఫ్రెంచి సేన

పద్దెనిమిదవ శతాబ్దపు మధ్యకాలంలో వర్తకం రాజకీయంగా మారింది. హైదరాబాదు పీఠం కోసం నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్ పోరాడగా, పుదుచ్చేరి గవర్నరు డూప్లే ముజఫర్ జంగ్ పక్షం వహించాడు. కడప, కర్నూలు, సావనూరు నవాబులు రహస్యంగా అతనితో చేతులు కలిపారు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హతుడయ్యాడు.

ముజఫర్ జంగ్ బుస్సీ సేనతో హైదరాబాదుకు బయలుదేరాడు. ప్రతిఫలం విషయంలో తృప్తి చెందని ఆ నవాబులే 1751 ఫిబ్రవరిలో కడప సీమలోని రాయచోటి సమీపాన అతనిపై తిరుగబడ్డారు. ఆ పోరులో ముజఫర్ జంగ్ మరణించాడు. కర్నూలు నవాబు కూడా ప్రాణాలు కోల్పోయాడు. బుస్సీ వెంటనే సలాబత్ జంగ్‌ను పాలకునిగా ప్రకటించి, మార్గమధ్యంలో కర్నూలు కోటపై విరుచుకుపడ్డాడు. పాలకులు చేసుకొన్న ఒడంబడికలకు, వారు చేసిన ద్రోహాలకు మూల్యం చెల్లించినవారు కోటలోని సామాన్యులు.

సైనిక సహాయానికి ప్రతిఫలంగా 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం ఈ ఆధిపత్యపు పర్యవసానమే. కాని ఆ వైభవం ఎంతో కాలం నిలువలేదు. 1758లో లాలీ ఆదేశంతో బుస్సీ దక్కను విడిచి వెళ్ళాడు. ఆ డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచిసేన ఓడిపోయింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఆంగ్లేయుల వశమైంది. 1761 జనవరిలో పుదుచ్చేరియే లొంగిపోయింది. నేలపై గెలిచిన రాజ్యాన్ని నిలుపుకోవడానికి సముద్రంపై బలం అవసరమనే సత్యాన్ని ఈ ఓటమి నిరూపించింది. ఓడలు రానినాడు జీతాలు లేవు, మందుగుండు లేదు, కొత్త సైనికులు లేరు.

మారిన జెండాలు – మారని బ్రతుకులు

1763 నాటి పారిస్ సంధి తరువాత యానాం మళ్ళీ ఫ్రెంచివారికి దక్కింది. ఐరోపాలో యుద్ధం మొదలైనప్పుడల్లా ఈ చిన్న ఊరు ఆంగ్లేయులకు చిక్కేది. సంధి కుదిరినప్పుడల్లా తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చేది. 1778లో పోయి 1785లో వచ్చింది. 1793లో మళ్ళీ పోయి, నెపోలియన్ పతనానంతరం 1816–17లో స్థిరంగా దక్కింది. అయితే కోటలు కట్టరాదని, శాంతిభద్రతలకు మించిన సైన్యం ఉంచరాదని 1814 నాటి సంధి నిబంధన విధించింది. నాటి నుండి యానాం యుద్ధభూమిగా కాక, వర్తక గ్రామంగా మిగిలింది.

ఓడలు సరుకులనే కాదు, మనుషులను కూడా మోసుకుపోయాయి. కోరమాండల్ తీరం నుండి హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవులకు బానిసలను తరలించిన కాలం ఒకటి ఉండేది. ఆ తరువాత ఒప్పంద కూలీల వంతు వచ్చింది. 1828–29 సంవత్సరాలలోనే యానాం నుండి తెలుగు కూలీలు రీయూనియన్ దీవి చెరకు తోటలకు ఓడలెక్కారు. ఎన్నేళ్ళకు తిరిగివస్తామో, అసలు వస్తామో రామో తెలియని ప్రయాణం అది.

ఇంటి వద్ద ఉన్నవారికీ కడలి భయం తప్పలేదు. 1839 నవంబరు 25న వచ్చిన పెను ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. యానాంను అతలాకుతలం చేసింది. నది మేటలు వేసి ఓడల రాకపోకలు క్షీణించగా, వర్తకం క్రమంగా కాకినాడకు తరలిపోయింది. 1996 నవంబరు 6 నాటి తుఫాను కూడా ఈ ప్రాంతానికి తీరని నష్టం కలిగించింది.

ఒక సరిహద్దు గీత మనుషుల జీవితాలను ఎంత విచిత్రంగా మలచగలదో చెప్పడానికి యానాం చక్కని ఉదాహరణ. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1929లో ఆమోదం పొంది, 1930లో అమలులోకి వచ్చింది. అది బ్రిటిషు ఇండియాకే వర్తించేది. అందువల్ల చుట్టుపక్కల జిల్లాలవారు పిల్లలను వెంటబెట్టుకొని యానాం వచ్చి పెండ్లిండ్లు జరిపించేవారు. ఊరికి 'కల్యాణపురం' అనే పేరు వచ్చింది. ఆ పేరు వినడానికి మంగళకరంగానే ఉన్నది. కాని ఆ పెండ్లిపందిళ్ళలో కూర్చున్న బాలికలకు అందవలసిన రక్షణను ఒక గీత దూరం చేసిందని మరువరాదు.

విలీనం

1947లో భారతదేశం స్వతంత్రమైనా యానాం ఫ్రెంచిపాలనలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. చుట్టూ ఉన్న తెలుగువారు తమ రాష్ట్రాన్ని సాధించుకొన్న వేళ, నడుమనున్న తెలుగు ఊరు పరాయి జెండా క్రింద ఉండడం అక్కడివారికి బాధ కలిగించింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంలోని ప్రభుత్వ కార్యాలయాలను స్వాధీనం చేసుకొని భారత పతాకాన్ని ఎగురవేశారు.

ఆ ఏడు అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపంలోని కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. 178 మందిలో 170 మంది విలీనాన్ని కోరారు. నవంబరు 1న పాలన భారతదేశానికి బదిలీ అయింది. 1956 మే 28న ఒప్పందంపై సంతకాలు జరిగాయి. 1962 ఆగస్టు 16న అది చట్టబద్ధంగా అమలులోకి వచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొనే అవకాశాన్ని ఆ ఒప్పందం కల్పించింది. ఆనాడు ఫ్రాన్సును ఎన్నుకొన్న కుటుంబాల వారసులు నేటికీ ఫ్రెంచి పౌరులే.

దర్శనీయ స్థలాలు

నేడు యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక జిల్లా. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది నివసిస్తున్నారు. పాలనా కేంద్రమైన పుదుచ్చేరి సుమారు 870 కిలోమీటర్ల దూరంలో ఉండగా, కాకినాడ ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్నది.

1846లో నిర్మించిన సెయింట్ ఆన్స్ కథోలిక చర్చి ఐరోపా వాస్తురీతిలో కానవస్తుంది. ఫ్రెంచివారి శ్మశానవాటికలోని సమాధులు, స్వదేశం చేరలేకపోయిన వారి చివరి గుర్తులు. మీసాలు గల మూర్తి కారణంగా 'మీసాల వెంకన్న'గా ప్రసిద్ధుడైన వేంకటేశ్వరుని ఆలయం భక్తులను ఆకర్షిస్తున్నది. గోదావరి గట్టున సాయంసంధ్యలో విహరించడం యాత్రికులకు ఆనందదాయకం. 2002లో ప్రారంభమై, లోక్‌సభ సభాపతి బాలయోగి పేరు ధరించిన వారధి యానాంను ఎదుర్లంకతో, తద్ద్వారా కోనసీమతో కలుపుతున్నది. సమీపంలోని కోరంగి మడ అడవులు అపురూపమైన పక్షులకు, జలచరాలకు నెలవు. ఉప్పెన తాకిడిని తగ్గించే సహజమైన అడ్డుగోడలు కూడా ఇవే. 1839 నాటి అనుభవం తెలిసినవారికి వాటి రక్షణ ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

కొండారెడ్డి బురుజు, గండికోట, యానాం చర్చి – ఈ మూడింటికీ నడుమ వందల కిలోమీటర్ల దూరం ఉన్నది. అయినా ఒకే వర్తకం, ఒకే యుద్ధం, ఒకే ఆశ వాటిని ముడివేశాయి. ఆ కట్టడాలను చూచేటప్పుడు సేనానుల పేర్లతోపాటు నీలిపంట వేసిన రైతును, మగ్గంపై కూర్చున్న నేతగానిని, ఓడ ఎక్కిన కూలీని కూడా తలచుకొన్నప్పుడే చరిత్ర సంపూర్ణమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

విపణి : అంగడి, సంత
వికృతి : మార్పు చెందిన రూపం
ఒడంబడిక : ఒప్పందం
పర్యవసానం : ఫలితం, ముగింపు
మేట : నది తెచ్చి పోసిన ఇసుక దిబ్బ
వారధి : వంతెన
నెలవు : నివాసం

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు వ్రాయండి.
1. కడప, కర్నూలు సీమల చరిత్రకు, ఫ్రెంచి వర్తకానికి గల సంబంధాన్ని వివరించండి.
2. జెండాలు మారినా యానాం సామాన్యుల కష్టాలు తీరలేదనే విషయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. నీలిమందును ఎట్లా తయారు చేసేవారు?
2. యానాంకు 'కల్యాణపురం' అనే పేరు ఎందుకు వచ్చింది?
3. యానాం భారతదేశంలో విలీనమైన తీరును తెలపండి.

ఇ) ఏకపద లేక ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. 'లోరియాఁ' అనే మాటకు అర్థమేమి?
2. లండన్ విపణిలో కడప నీలిమందును ఏమని పిలిచేవారు?
3. 1751లో కర్నూలు కోటను ముట్టడించిన ఫ్రెంచి సేనాని ఎవరు?