డబ్బా మీది అంకె

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. ‘డయలైజర్ ఎంత పెద్దదైతే రక్తం అంత బాగా శుభ్రపడాలి కదా మావయ్యా, మరి అందరికీ పెద్దదే పెట్టరెందుకు?’ అని అడిగావు. డబ్బా మీద పొర వైశాల్యం 1.8 చదరపు మీటర్లు అని అచ్చేసి ఉంటే ఎవరి కళ్లయినా దాని మీదికే పోతాయిలే.

డయలైజర్ గొట్టంలో ఉన్నవి సుమారు పదివేల బోలు పోగులు. ఒక్కోదాని లోపలి వ్యాసం 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. పోగుల లోపల రక్తం పారుతుంది, బయట దానికి ఎదురుగా డయాలిసిస్ ద్రావణం. బయటికి వెళ్లబోయే రక్తానికి అప్పుడే వచ్చిన తాజా ద్రావణం తగలాలనే ఈ ఏర్పాటు. ద్రావణం ట్యూబులు తారుమారైతే ఆ లాభం పోతుంది. మిషను అలారం కొట్టకపోవచ్చు కూడా, నువ్వే చూసుకోవాలి.

ఇక లెక్క. ద్రావణం నిమిషానికి 500 మి.లీ., ఫిస్టులా (సూది గుచ్చే, ధమనికి కలిపిన సిర) నుంచి రక్తం 250 అనుకో. యూరియాకు కేఓఏ, అంటే డయలైజర్ శక్తిని చెప్పే అంకె, 800 ఉన్నది 222 మి.లీ. క్లియరెన్స్ ఇస్తుంది, అంటే నిమిషానికి అంత రక్తంలోంచి యూరియా పూర్తిగా పోయినట్టు. 1200 ఉన్నది పెడితే 238. శక్తి ఒకటిన్నర రెట్లు, దక్కింది పదహారే! వచ్చిన రక్తమే 250 అయితే అంతకు మించి ఏం శుభ్రం చేస్తుంది? రక్తాన్ని 350కి పెంచగలిగితే అవే 268, 300 అవుతాయి. పెద్ద డయలైజర్ సత్తా అప్పుడు తెలుస్తుంది. అందుకే ముందు సూది, ఫిస్టులా సంగతి చూడమనేది.

పైగా ఈ లెక్క, ద్రావణం పోగులన్నిటినీ సమంగా తాకుతుందని నమ్మి వేసింది. నిజానికి గట్టు వెంట పల్లం దొరికిన నీళ్లు మడి నడుమకు ఎక్కనట్టే, ద్రావణం కట్ట అంచుల వెంబడి జారిపోతుంది. నడిమి పోగులు ఉన్నా లేనట్టే. అందుకే తయారీదార్లు పోగులను సన్నటి అలల్లా వంచుతారు, కొందరు మధ్యలో దారాలు పెడతారు. ఒకే వైశాల్యం ఉన్న రెండు డయలైజర్లు ఒకేలా పనిచేయకపోవడానికి ఇదో కారణం.

రక్తం వైపూ ఇదే తంటా. పై మూతలో రక్తం మందగించిన చోట గడ్డ కడుతుంది. రక్తం తిరిగి ఎక్కించాక డయలైజర్‌ను వెలుతురుకు పట్టి చూడు. తెల్లటి కట్టలో ఎర్రచారలు కనిపిస్తే అవి మూసుకుపోయిన పోగులు. రీయూజ్ చేసేచోట లోపలి పరిమాణం మొదటిదానిలో 80 శాతం కంటే తగ్గితే పారేస్తారు.

రంధ్రాల సంగతి వేరు. పెద్ద రంధ్రాలుండే హై ఫ్లక్స్ పొర 11,800 డాల్టన్ల బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్‌ను వదలాలి, 66,000 డాల్టన్ల ఆల్బుమిన్‌ను ఆపాలి. అలాగని దాన్ని సంజీవని అనుకోకు. 2002లో వెలువడిన అమెరికా హీమో అధ్యయనంలో దానివల్ల మొత్తం మరణాలు స్పష్టంగా తగ్గినట్టు తేలలేదు. పైగా ఆ పొరలో ద్రావణం కొంత వెనక్కి రక్తంలోకి వస్తుంది కాబట్టి నీటి శుద్ధిలో అశ్రద్ధ అసలు పనికిరాదు.

ఫిస్టులా బదులు క్యాథెటర్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి రక్తం 200 కూడా కష్టమే. ద్రావణం 500లోనే ఉంచి, ఆ రెండు డయలైజర్లకూ లెక్క వేసి పంపు. ఏది పెడతావో, ఎందుకో కూడా రాయి.

మీ పెద్దమావయ్య