నిజామాబాద్ నుండి జాగ్రెబ్ దాకా: గుగులోతు సౌమ్య

నిరుడు వార్షికోత్సవానికి మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి చెల్లెలొకతె "అక్కా, ఫుట్‌బాల్ ఆడి బతకొచ్చా?" అని అడిగింది. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాం. అది సరైన జవాబు కాదు. కావున ఈ సంచికలో ఆ ప్రశ్ననే పాఠంగా తీసుకుంటున్నాం.

మెదక్‌లో బస్సెక్కి రామాయంపేట, కామారెడ్డి దాటితే నిజామాబాద్. 2001లో పుట్టిన గుగులోతు సౌమ్యది ఆ జిల్లానే, లంబాడీ కుటుంబం. ఆమె ముందు వరుసలో, ఎక్కువగా మైదానం అంచున ఆడుతుంది. ఆ స్థానాన్ని వింగర్ అంటారు. గీత వెంట బంతిని తీసుకెళ్ళి ఎదుటి జట్టు రక్షణను విడదీయడం, లోపలికి పాస్ ఇవ్వడం, అవకాశం దొరికితే తానే గోల్ కొట్టడం వింగర్ పని. బంతి పోతే మళ్ళీ వెనక్కి పరిగెత్తాలి. చూసేవారికి ఈ చివరి పని కనబడదు గానీ, కోచ్‌లు మొదట చూసేది దాన్నే.

2022లో ఆమె గోకులం కేరళ క్లబ్బు క్రీడాకారిణి. ఆ ఏడు సహచరి జ్యోతి చౌహాన్‌తో పాటు ఆమెకు క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో ఒప్పందం దొరికింది. ముందు అక్కడికి వెళ్ళి ట్రయల్స్‌లో ఆడి చూపించాకే సంతకాలు. కొత్త భాష, కొత్త తిండి, ఎముకలు కొరికే చలి. హాస్టల్‌లో చేరిన మొదటి వారం మనం ఏడ్చిన ఏడుపు గుర్తు తెచ్చుకోండి, కొంత అర్థమవుతుంది.

అదే ఆగస్టులో ఇంకొక సంగతి జరిగింది. పాలనలో బయటివారి జోక్యం ఉందని అంతర్జాతీయ సంస్థ ఫిఫా మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. పదకొండు మ్యాచ్‌లకు పదకొండూ గెలిచి దేశ విజేతగా నిలిచిన గోకులం జట్టు ఆసియా క్లబ్బుల పోటీ కోసం తాష్కెంట్ దాకా వెళ్ళి, ఆడకుండానే తిరిగి వచ్చింది. పది రోజుల్లో సస్పెన్షన్ ఎత్తేశారు గానీ ఆ అవకాశం మాత్రం తిరిగి రాలేదు. ఆఫీసుల్లో జరిగిన తప్పుకు మైదానంలోని ఆడపిల్లలు మూల్యం చెల్లించారు. ఇది మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక డబ్బు మాట. ప్రొఫెషనల్ అనగా క్లబ్బుతో రాతపూర్వక ఒప్పందం, జీతం ఉన్న క్రీడాకారిణి. భారత మహిళా లీగ్‌లో ఒక్కో క్లబ్బు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయలతో ఒప్పందం ఇవ్వాలని సమాఖ్య 2023లో ప్రకటించింది. అంటే నెలకు దాదాపు 26,600. మన ఇళ్ళల్లో అది చిన్న మొత్తం కాదు. కాని జట్టులో ఇరవై మందికి పైగా ఉంటారు. పదకొండో అమ్మాయి సంగతేమిటి? లీగ్ కూడా చిన్నదే. 2024-25లో ఒక్కో జట్టు ఆడింది 14 మ్యాచ్‌లు. మోకాలు దెబ్బ తింటే ఆ కొన్ని కూడా పోతాయి.

ఆ 2024-25 లీగ్‌ను తొలిసారి గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో సౌమ్య ఉంది. ఆ సీజన్‌కు సమాఖ్య ఇచ్చిన ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెదే. 2025 జూన్‌లో ఆసియా కప్ అర్హత పోటీల్లో మంగోలియాపై మన జట్టు 13-0తో గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టింది. జూలై 5న థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి మన జట్టు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది.

ఇంత చెప్పాక ఆ చెల్లెలికి మా జవాబు: బతకొచ్చు, కాని కొద్దిమందే. ఆడు, ఇంటర్ మాత్రం మానకు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు మూడింటిలో ఒకటే ఉందో లేదో ఈ సెలవుల్లోనే చూసుకో. వయసు విభాగాల ఎంపికల్లో ముందు అడిగేది అదే.

ఈ జవాబు ఫోన్‌లో చెబితే ఆమె, "సరే అక్కా, మరి బంతి?" అంది. హాస్టల్‌లో ఉన్నది వాలీబాల్ ఒక్కటేనట. పాత విద్యార్థులం చందాలు వేసుకుని అయిదో నంబరు ఫుట్‌బాల్స్ రెండు కొన్నాం. గాలి పంపు వార్డెన్ గారి గదిలో ఉంది.