ట్రాక్టరు మొరాయించినపుడు

తెలంగాణలో 2019వ సంవత్సరమున ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమముతో చిన్న పంచాయతీలకు సైతము ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. చెత్త ఎత్తుట, నాటిన మొక్కలకు నీరు పోయుట, వేసవిలో కుళాయి రాని వాడలకు నీరు చేర్చుట, ఇవన్నియు ఆ ఒక్క బండిపైననే ఆధారపడియున్నవి. ఒక ఉదయమున అది మొరాయించెనా, ఊరి పని సగము నిలిచిపోవును. ఆ తరువాత మరమ్మతు బిల్లు పంచాయతీ సమావేశమునకు వచ్చును. దానిని ఆమోదించవలసినవారు సభ్యులు. ఇంజను విప్పుట వారి పని కాదు. కాని ఆ బిల్లు విషయమున ఏ ప్రశ్న అడుగవలెనో తెలిసియుండుట వారి పనియే. మేము ఈ వ్యాసమున చెప్పబూనినది అంతమాత్రమే.

డీజిల్ ఇంజనులో పెట్రోలు బండిలోవలె నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన పద్ధతియే నేటికిని ఆధారము. సిలిండరు పీల్చుకొన్న గాలిని పిస్టను సుమారు 16 నుండి 18వ వంతు చోటులోనికి అణచివేయును. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగు వేడెక్కుట మన మెరిగినదే. ఇచ్చట ఆ వేడి 500 సెంటీగ్రేడు డిగ్రీలను దాటును. అట్లు కాగిన గాలిలోనికి డీజిల్ సన్నని తుంపరగా పడినంతనే తనంత తానే మండును. కావున ఇంజను పట్టుకొనవలెనన్న నాలుగు కావలెను: తగిన వేగముతో తిరుగుట, ధారాళమైన గాలి, గాలి బుడగలు లేని డీజిల్, సిలిండరులో బిగువు. మొదటి మూడును ఊరిలోనే చూడదగినవి, కొలది ఖర్చుతో పోవునవి. నాలుగవది షెడ్డు పని. చౌక అయిన వానిని చూడకయే ఖరీదైన దానిని విప్పినపుడే పంచాయతీ ధనము వృథా యగును.

పరీక్షకు ముందు గేరు న్యూట్రలులో నుంచి, హ్యాండు బ్రేకు వేయవలెను. తాళము త్రిప్పునపుడు చెవి ఇంజనుపైనను, కన్ను సైలెన్సరుపైనను ఉండవలెను. సెల్ఫ్ ఒక్కొక్క మారు పది సెకండ్లకు మించి కొట్టరాదు. మరల కొట్టుటకు ముందు అర నిమిషమైనను విరామమీయవలెను. పట్టలేదని విడువక కొట్టుచుండుటచే చెడని బ్యాటరీయు చెడును.

అసలు చప్పుడే లేనిచో తొందరపడరాదు. క్లచ్చి పూర్తిగా త్రొక్కినగాని సెల్ఫ్ పనిచేయని ట్రాక్టర్లు కలవు. ఇంజను బరువుగ, మూలుగుచు తిరిగిన యెడల బ్యాటరీ వైపు చూడవలెను. నిండుగ ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ తీరికగా ఉన్నపుడు 12.6 వోల్టులు చూపును, 12.2 చూపినచో సగమే ఉన్నట్లు. అయితే చాలమారులు దోషము బ్యాటరీలో గాక దాని కొనలలో ఉండును. తెల్లగనో పచ్చగనో పూసిన చిలుమును వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, తీగలను గట్టిగ బిగించిన చాలును. విప్పునపుడు నెగెటివు తీగ ముందుగ, బిగించునపుడు చివరగ అని డ్రైవరునకు చెప్పియుంచవలెను. ప్రతి రాత్రియు బండిని దిగుడులో నిలిపి, ఉదయము దొర్లించి స్టార్టు చేయు అలవాటు కొన్నియెడల కానవచ్చును. అది ఉపాయము కాదు, బ్యాటరీ పనిని వాయిదా వేయుట. ట్యాంకరు తగిలించియున్నపుడు అది ప్రాణాపాయము కూడ.

ఇంజను చురుకుగ తిరుగుచున్నను పట్టదనుకొందము. అప్పుడు పొగయే సాక్షి. పొగ ఏమియు రానిచో సిలిండరునకు డీజిల్ అందుటలేదు. ఇంజను ఆపు పిడి లోనికి త్రోయకపోవుట, ట్యాంకు కుళాయి మూసియుండుట వంటి స్వల్ప కారణములను ముందుగ చూడవలెను. తెల్లపొగ వచ్చి పట్టనిచో డీజిల్ అందుచున్నది గాని మండుటలేదు: చలి, డీజిలులో నీరు, లేదా సిలిండరు బిగువు తగ్గుట. ఆదిలాబాదు ప్రాంతమున డిసెంబరు, జనవరి ఉదయములందు కొంత తెల్లపొగ సహజమే. వేడెక్కిన తరువాత కూడ మానకున్నచో విచారింపవలెను. నల్లపొగ వచ్చుచు బలము తగ్గినచో గాలి చాలుటలేదన్నమాట. చెత్త బండి నిత్యము దుమ్ములోను బూడిదలోను తిరుగును. పాలిథీను కవరొకటి గాలి గొట్టపు మూతకు అంటుకొన్నను చాలును. నూనె పోయు రకపు గాలి ఫిల్టరులో పాత నూనె పారబోసి, గిన్నె కడిగి, గీత వరకే క్రొత్త నూనె పోయవలెను. కాగితపు ఫిల్టరును నేలపై కొట్టి దులుపుట మంచిది కాదు. అది చిరిగినచో దుమ్ము నేరుగ సిలిండరునకు పోవును.

ఇక ముఖ్యమైన దానికి వచ్చెదము. డ్రైవరు ఇట్లు చెప్పెననుకొందము: “ఉదయము ఐదారుమార్లు కొట్టినగాని పట్టుటలేదు. పట్టినను, ట్యాంకరు నింపుకొని ఊరి చివరకు పోవునప్పటికి ఆగిపోవుచున్నది. పది నిమిషములు ఆగి కొట్టినచో మరల పట్టుచున్నది.” ఇది వినగనే “పంపు పోయినది” అను మాట పుట్టును. డీజిల్ పంపు ఇంజనులో ఖరీదైన భాగములలో నొకటి. ఆ మాటను అంగీకరించుటకు ముందు చూడవలసినవి కొన్ని కలవు.

బండి ఆగిన వెంటనే ట్యాంకు మూతను వదులు చేసి వినవలెను. ట్యాంకులోని డీజిల్ తరిగిన కొలదియు ఆ ఖాళీలోనికి గాలి పోవుటకు మూతలో సన్నని రంధ్రముండును. అది మట్టితో పూడినచో ట్యాంకులో శూన్యమేర్పడి డీజిల్ క్రిందికి దిగదు. మూత తీయగనే “సుయ్” మని గాలి లోనికి పోయి, బండి వెంటనే పట్టినచో రోగము తెలిసినట్లే. సూదితో రంధ్రము శుభ్రము చేయుటకు ఖర్చులేదు. మూత పోయినదని గుడ్డ దోపిన ట్యాంకులు, పాలిథీను కట్టిన ట్యాంకులు కూడ కలవు. మొదటి దానిలో దుమ్ము దిగును, రెండవ దానిలో గాలి ఆడదు.

పిదప ఫిల్టరు క్రింది గిన్నె. నీరు డీజిల్ కంటె బరువైనది గనుక అడుగున చేరును. మరను వదులు చేసి, దానిని ఒక డబ్బాలోనికి దింపి చూడవలెను. పంచాయతీ కార్యాలయమున డబ్బాలలో డీజిల్ నిలువయుంచి పోయువారు అడుగున మిగిలినదానిని ట్యాంకులో పోయరాదు. ఫిల్టరు పూడినచో ఖాళీ ట్రాలీతో బండి బాగుగనే నడచి, బరువు పడగనే డీజిల్ చాలక ఆగిపోవును.

గాలి పట్టుట అన్నిటికంటె మాయమైనది. ట్యాంకు నుండి డీజిల్‌ను లాగు పంపు వరకు గల గొట్టములో ఒక రాగి వాషరు అరిగినను, ఒక రబ్బరు గొట్టము పగిలినను అచ్చట డీజిల్ కారదు. అది పీల్చు భాగము గనుక గాలియే లోనికి దూరును. రాత్రి డీజిల్ వెనుకకు జారి, ఆ చోట గాలి నిండును. అందువలననే ఉదయము కష్టము. దీనిని పోగొట్టు పద్ధతి ప్రతి డ్రైవరును నేర్వదగినది. ట్యాంకు నింపి, ఫిల్టరుపైని మరను పానాతో వదులు చేసి, చేతి పంపు కొట్టవలెను. నురుగుతో వచ్చు డీజిల్ బుడగలు లేని ధార యగువరకు కొట్టి మర బిగించవలెను. తరువాత పెద్ద పంపుపైని మరకును అట్లే చేయవలెను. ఇంత చేసినను మరునాడు మరల గాలి పట్టినచో, దూరు చోటు ఇంకను మిగిలియున్నదన్నమాట. దానిని వెదకక దినదినము గాలి తీయుట వైద్యము కాదు.

ఇన్నియు చూచినను తీరనప్పుడు ఒక పరీక్ష కలదు. శుభ్రమైన డీజిల్ పోసిన చిన్న డబ్బాను ఎత్తుగ కట్టి, పారదర్శకమైన ప్లాస్టికు గొట్టముతో నేరుగ పంపునకు కలిపి, గాలి తీసి, ఇంజను నడిపి చూడవలెను. అట్లు నిరాటంకముగ నడచినచో పంపు దోషము లేదు. తప్పు ట్యాంకునకును పంపునకును నడుమనే ఉన్నది. అప్పుడును ఆగినచో, ముఖ్యముగ వేడెక్కిన పిమ్మట పట్టక చల్లబడిన పిమ్మటనే పట్టుచున్నచో, పంపు లోపలి అరుగుదలను అనుమానింపవచ్చును. అందుచే సమావేశమున సభ్యులడుగవలసిన ప్రశ్న ఇది: “వేరు డబ్బాతో నడిపి చూచితిరా?” పంపు విప్పవలసియే వచ్చినచో బెంచిపై పరీక్షించి సరిచేయు చోటికే పంపవలెను. మార్చిన పాత భాగములను తిరిగి తెప్పించుకొని, పరీక్ష కాగితమును వోచరుతో జతచేయవలెను. వారంటీ కాలములో పంపు సీలును ఇతరులచే తెంపించరాదు.

రెండు హెచ్చరికలు. డీజిల్ నాజిల్ నుండి సుమారు 200 వాతావరణముల ఒత్తిడితో వెలువడును. అది చర్మమును చీల్చి లోనికి పోగలదు, చేయి అడ్డుపెట్టి చూడరాదు. గాయము చిన్నదిగ కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. గాలి గొట్టములో పెట్రోలు గాని ఈథరు గాని పోసి స్టార్టు చేయ యత్నింపరాదు. మరియు 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లలో కామన్ రైల్ అను ఎలక్ట్రానిక్ పద్ధతి ఉండవచ్చును. వానిలో ఒత్తిడి దీనికి అనేక రెట్లు. వాని పైపుల నట్లను ఊరిలో ఎవ్వరును వదులు చేయరాదు.

బండి పుస్తకమున డీజిల్ లెక్కతోపాటు ఒక పుట ఇందులకై కేటాయించుట మేలు. ఆగిన తేది, మీటరులోని గంటలు, ట్యాంకులో డీజిల్ ఎంత, బరువుతోనా ఖాళీగనా, ఇంజను వేడిగనా చల్లగనా, పొగ రంగు, ఫిల్టరు కడపటిసారి మార్చినది ఎప్పుడు అని డ్రైవరు వ్రాయవలెను. అక్షరములు రాని డ్రైవరు చెప్పగ కార్యదర్శి వ్రాసికొనవచ్చును. బండితోపాటు ఆ పుటయు మెకానికు వద్దకు పోవలెను.